జీపులో పెట్టిన పనసపండు

ఒక్క పనసపండుతో ఒక నిజాయితీపరుడి ఉద్యోగానికి మచ్చ తెచ్చిన ఘనుణ్ణి నేను. నవ్వండి, ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఆ వాసన తగిలితే తల దించుకోవాలనిపిస్తుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. నేను టెక్కలి తాలూకా కచేరీలో గుమాస్తాని. మా తహశీల్దారు గారు ఉద్దానం రైతుల దగ్గర కొబ్బరికాయలూ పనసపళ్ళూ పట్టుకుపోతున్నారని ఎవరో పైకి ఫిర్యాదు చేశారు. నిజానికి ఆయన కొబ్బరిబొండాం ఇచ్చినా డబ్బులు పెట్టి తాగే మనిషి. విచారణకు పెద్ద అధికారి జీపులో దిగారు. ఫిర్యాదు నిజమని తేలితే మా తహశీల్దారు గారి ఉద్యోగం ఊడుతుంది.

విచారణ ఉద్దానంలో మా సొంత ఊళ్ళోనే జరిగింది. రైతులంతా ఒకటే మాట: "ఆ బాబు మంచినీల్లు తప్ప మా సేతిది ఏటీ ఊరికినే ముట్టలేదండి." అధికారి తృప్తిగా తలూపారు. గండం గడిచింది.

అక్కడితో ఊరుకుంటే నేను నేనెలా అవుతాను? ఆ అధికారి మా ఊరి నీళ్ళు కూడా ముట్టకుండా, వెంట తెచ్చుకున్న మరచెంబులోవే తాగడం చూసి మా అమ్మ ప్రాణం విలవిల్లాడింది. "ఊరొచ్చినోర్ని ఒట్టి సేతుల్తో అంపేత్తామేట్రా? మన పరువేటైపోద్ది?" అంది. నిజమే అనిపించి, పెరట్లో బాగా ముగ్గిన పండొకటి గోనెలో చుట్టి జీపు వెనక సీటు కింద దూర్చాను. పనసపండును దాచడమంటే పెళ్ళిమేళాన్ని దాచడమేనని ఆ క్షణాన తట్టలేదు.

అధికారి జీపెక్కగానే ముక్కు ఎగబీల్చారు. "ఇదెవరు పెట్టారు?"

"నేనేనండి," అన్నాను, మెచ్చుకుంటారేమోనని.

"ఎందుకు?"

"మా ఊరొచ్చిన ఏ ఆఫీసరు గారినీ ఒట్టి సేతుల్తో పంపమండి."

"మీ తహశీల్దారునీ?"

"ఆయన్నైతే అసలే పంపమండి."

ఆయన ప్రతిసారీ పండు వెనక్కిచ్చేసేవారన్న ముక్క నా నోటికొచ్చేసరికి జీపు కోటబొమ్మాళి దారి పట్టేసింది. తరవాత వెళ్ళి ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఉద్యోగమైతే ఊడలేదు గాని, మందలించి ఆయన్ని కర్నూలు వైపు బదిలీ చేశారు.

ఆయన్ని సాగనంపడానికి పలాస స్టేషనుకి సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళాను. నా చంకలో అమ్మ పంపిన మరో పనసపండు.

"మళ్ళీ ఇదేమిటయ్యా?" అన్నారు ఆయన, రైలు తలుపు దగ్గర నిలబడి.

"అమ్మ ఇమ్మందండి. తప్పైపోనాదండి."

ఆయన చేతులు చాపారు. "ఇటివ్వు. తిన్నానని ఎలాగూ రాసేశారు. రుచైనా చూస్తాను."

రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీదే ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఏ మంచివాడి తరఫునా సాక్ష్యం చెప్పను. తప్పక చెప్పవలసి వస్తే, మా అమ్మకు తెలియకుండా చెబుతాను.