కాలరక్క నవ్విన మధ్యాహ్నం

కాలరక్క తన ఇంట్లో తాను నవ్వకూడదు. అలాగని ఎవరూ శాసనం చేయలేదు. కానీ ఆమె నవ్విందంటే చాలు, ఇల్లంతా ఆమె మీద పడిపోతుంది.

ఒంట్లో షుగర్ ఉన్నట్టుండి దిగజారితే కొందరికి చెమటలు పడతాయి, కొందరికి చేతులు వణుకుతాయి. ఈవిడకు మాత్రం ముందు వచ్చేది నవ్వు. ఒకసారి ఇంటి ఓనరు గుమ్మంలో నిలబడి అద్దె పెంచుతున్నానని చెబుతుంటే పగలబడి నవ్వి, నవ్వి, ఆయన చెప్పుల పక్కనే కూలబడింది. పాపం ఆయన అద్దె మాట మరిచిపోయి మంచినీళ్ల కోసం పరిగెత్తాడు.

అప్పట్నుంచీ ఇంట్లో కాపలా మొదలైంది. లిఫ్టులు బాగుచేసే మొగుడు స్పానర్లతో పాటు జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకు తిరుగుతాడు. బడికెళ్లే కూతురు, తల్లి కాస్త ముసిముసిగా నవ్వినా, "అమ్మా, వేలు ఇటివ్వు" అంటూ షుగర్ చూసే మీటరు పట్టుకుని తయారవుతుంది. అత్తగారి సంగతి మరీ ఘోరం. ఆవిడే తన చిన్ననాటి గొడవ ఏదో చెప్పి నవ్విస్తుంది, కోడలు నవ్వగానే పంచదార డబ్బా ఎత్తుతుంది.

"అత్తయ్యా, నిజంగా నవ్వొచ్చే నవ్వాను! మీరు బాగా చెప్పారు!"

"ఇన్నేళ్లలో నా మాటలకి ఎప్పుడు నవ్వావే తల్లీ? నోరు తెరు."

తెరిచేదాకా వదిలేది కాదు. సాయంత్రానికి షుగర్ ఎక్కడికో ఎగబాకేది. ఆ ఇంట్లో కాలరక్క ఏడిస్తే ఎవరూ పట్టించుకోరు గానీ, నవ్విందా, అంతే సంగతులు.

ఆమె చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. కాలర్లు కుడుతుంది కాబట్టి కాలరక్క. పక్క మిషను మీద చొక్కా చేతులకి కఫ్‌లు కుట్టేది ఆమె ఆడపడుచే. ఇంట్లోని కాపలాను ఆ మహాతల్లి ఫ్యాక్టరీ దాకా మోసుకొచ్చింది. మిషన్ల దగ్గర తినే వస్తువేదీ ఉండకూడదన్నది అక్కడి నియమం. తెల్లచొక్కాకి మరక అంటుకుంటే సరుకంతా వెనక్కొస్తుందట. అందుకని వరసలో కూర్చునే ఆడవాళ్లందరూ తలా కాసిని పిప్పరమెంట్లు దాచిపెట్టారు. దారం బాబిన్ల డబ్బాల్లో కొన్ని, కొప్పుల్లో కొన్ని, రవికల్లో కొన్ని.

ఇంతమంది తోడున్నా, కాలరక్క ప్రాణం అన్నం బెల్లు మీదే ఉండేది. బెల్లుకి కాస్త ముందు బాత్రూములో దూరి, ఎవరి కంటా పడకుండా పొట్టకి ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. ఆ తర్వాత వెంటనే తినాలి. ఆలస్యమైతే షుగర్ పాతాళానికి పోతుంది. ఆ ఫ్యాక్టరీలో మిషన్లకి నూనె మాత్రం ఏనాడూ వేళ తప్పలేదు.

ఆరోజు సూది వేసుకుని సీట్లో కూర్చుందో లేదో, మేనేజరు వచ్చి నిలబడ్డాడు.

"సరుకు లారీ ముందే వస్తోందమ్మా. ఇవాళ అన్నం బెల్లు గంట ఆలస్యం."

కాలరక్క సూది వేసుకున్న చోట తడుముకుంది. లోపలికెళ్లిన మందు మళ్లీ బయటికి రాదు కదా! చెబుదామా అంటే, జబ్బుమనిషని తెలిస్తే రేపు పనిలో ఉంచుతారో లేదో. మేనేజరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఆకలనేది మనసులో ఉంటుంది. నన్ను చూడండి, పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు."

ఆ మాటతో పాటు ఆయన మీసంలోంచి బిస్కట్ పొడి రాలింది. "ముట్టలేదు" అని గట్టిగా ఒత్తి పలికేసరికి ఇంకాస్త రాలింది. కాలరక్క పెదవి కొరుక్కుంది, పవిట అడ్డం పెట్టుకుంది. లాభం లేకపోయింది. ఫ్యాక్టరీ అదిరేలా నవ్వేసింది.

"వదినకి పడిపోయిందర్రోయ్!" అని ఆడపడుచు కేక పెట్టింది.

ఇక చూడాలి తమాషా! డబ్బాలు తెరుచుకున్నాయి, కొప్పులు ఊడాయి, పిప్పరమెంట్లు నాలుగు వైపుల నుంచీ వచ్చి పడ్డాయి. ఒకామె కాలరక్క దవడ పట్టుకుంది, ఇంకొకామె ఒకేసారి రెండు కుక్కింది. ఒకటి గురి తప్పి మేనేజరు బూటుకి తగిలింది.

"ఏమిటిది? ఎవరు తెచ్చారివన్నీ?"

"వదినకి షుగర్ సార్! పడిపోతే ఇలాగే నవ్వుతుంది," అంది ఆడపడుచు. అని నాలిక్కరుచుకుంది.

మేనేజరు మెత్తబడ్డాడు. "అయ్యో, ముందే చెప్పొద్దూ! సరే, ఆవిడొక్కర్తీ వెళ్లి తినొచ్చు. మిగతావాళ్లు పని కానివ్వండి."

"పద వదినా, బతికిపోయాం," అని ఆడపడుచు మోచేత్తో పొడిచింది.

కాలరక్క లేవలేదు. రెండు బుగ్గల్లో పిప్పరమెంట్లతోనే సంచిలోంచి మీటరు తీసి, అందరి ముందూ వేలికి గుచ్చుకుంది. నెత్తుటి బొట్టు చూడగానే "చొక్కా! చొక్కా జాగ్రత్త!" అని మేనేజరు కెవ్వుమన్నాడు.

"చొక్కాకేం కాలేదు సార్, నాకూ ఏం కాలేదు. ఇదిగో చూడండి, షుగర్ నిక్షేపంలా ఉంది. నేను నవ్వింది మీ మీసం చూసి."

మేనేజరు చెయ్యి దానంతటదే మీసం మీదికి పోయింది. వరసంతా గొల్లుమంది.

"సూది వేసేసుకున్నాను, ఇంకాసేపుంటే నిజంగానే పడిపోతాను. అందుకని తింటాను. కానీ నాతోపాటు అందరూ తినాలి. వేళకి అన్నం కావాలంటే వీళ్లంతా జబ్బులు తెచ్చుకోవాలా? ఆ కాజాలు కుట్టే పిల్లకి ఆరో నెల. తన ఆకలి కూడా మనసులోనే ఉందా సార్?"

అని మిషను ఆపేసింది. ఆడపడుచు ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసి, తనదీ ఆపింది. ఆ తర్వాత కాజాల మిషను, గుండీల మిషను. హోరు తగ్గుతూ తగ్గుతూ చివరికి మెట్ల మీద చెప్పుల చప్పుడు మాత్రం మిగిలింది.

"ఆగండర్రా! బెల్లు లేకుండా వెళితే ఓనరు నన్నడుగుతాడు! నన్ను బెల్లు కొట్టనివ్వండి!" అంటూ మేనేజరు స్విచ్చు వైపు ఉరికాడు. బెల్లు మోగేసరికి ఆ హాల్లో వినడానికి ఆయన తప్ప ఇంకెవరూ లేరు.

కింద బల్లల దగ్గర కాలరక్క అప్పటికే మూడో ముద్దలో ఉంది.

"రేపట్నుంచి ఆ బాత్రూము కంపులో వేసుకోను. ఇక్కడే, ఈ బల్ల దగ్గరే వేసుకుంటా సూది. చూసేవాళ్లు చూడనీ."

"నీ పొట్ట ఎవరిక్కావాలి వదినా," అంది ఆడపడుచు, ఆమె క్యారేజీలోకి చెయ్యి పెడుతూ. "మా చూపంతా నీ కూర మీదే."