అకరా వండిన ఆదివారం

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ఒకవేళ ఎదురైనా చేతిలో ఫోను ఉండనే ఉంటుంది. అలాంటి సర్వజ్ఞత్వం నన్ను పూర్తిగా ఆవహించి ఉన్న ఆ రోజుల్లో నేను మదనపల్లెలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌ని. ఇల్లు పుంగనూరులో. పొద్దున బస్సులో నిలబడి వెళ్లడం, సాయంత్రం బస్సులో నిలబడి రావడం. (కూర్చునే గౌరవం పర్మనెంటు ఉద్యోగులకూ టమోటా బుట్టలకూ మాత్రమే దక్కేది.)

ఆ ఏడాది మా కాలేజీలో నైజీరియా నుంచి ఒక అమ్మాయి చేరింది. ఒకే ఒక్క అమ్మాయి. ఆమె పెట్టె హాస్టల్ గదికి చేరకముందే గేటు మీద 'అంతర్జాతీయ ప్రాంగణం' అని కొత్త బోర్డు వెలిసింది. మా కరస్పాండెంట్ గారు అలాంటి విషయాల్లో ఆలస్యం ఎరగరు. కాలేజీలో ల్యాబులకు పరికరాలు రాకపోవచ్చు గానీ ఫ్లెక్సీలకు లోటు ఉండేది కాదు. అందుకే ఆయన్ని మేం చాటుగా ఫ్లెక్సీ సార్ అనేవాళ్లం. ఒక శుక్రవారం ఆయన నన్ను గదికి పిలిపించారు.

"ఏమ్మా, సోమవారం ఇంటర్నేషనల్ డే పెడ్తాండాం. పేపరోళ్లొస్తారు. ఆఫ్రికాలో రోడ్ల మీద తింటారే, అట్లాంటి ఐటం ఏదన్నా ఇంట్లో చేసి తీసుకరావల్ల నువ్వు."

"సార్, నేను ఎలక్ట్రానిక్స్ చెప్తాను గదా..."

"ఆడపిల్లవే గదమ్మా!" అన్నారాయన. అర్హత పరీక్ష అంతటితో ముగిసింది. నా కాంట్రాక్టు వచ్చే ఏడాదికి పొడిగించేది ఆయన సంతకమే కాబట్టి, ఆఫ్రికా ఖండం మొత్తం వండి తెమ్మన్నా తలూపే స్థితిలోనే ఉన్నాను.

ఆ నైజీరియా అమ్మాయిని వెతికి పట్టుకున్నాను. ఆమె సొంతూరు లాగోస్ అని చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో ఆమె పేరు లాగోస్ పాప. ఆమెకు కనీసం గుడ్డు వేయించడం కూడా రాదని తేలింది. వాళ్ల వీధి మలుపులో ఒకామె పొద్దున్నే అకరా అని వేయిస్తుందట, బడికి పోతూ కొనుక్కు తినడం తప్ప దాన్ని ఎలా చేస్తారో ఎప్పుడూ చూడలేదట. "ఆదివారం మా అమ్మను అడుగుదాం మేడమ్" అంది. ఆదివారం దాకా ఆగితే నా సర్వజ్ఞత్వం ఏం కావాలి? ఆ రాత్రే ఫోనులో వెతికాను. ఎర్రటి పామాయిలులో వేయిస్తారని చదివాను. మిగతాదేదీ చదవలేదు. కుప్పంలో విదేశీ పిల్లలు ఎక్కువ, అక్కడ దొరకనిది లేదని స్టాఫ్‌రూములో ఎవరో అన్న మాట గుర్తొచ్చి, శనివారం సెలవు పెట్టి, పలమనేరులో బస్సు మారి మరీ కుప్పం వెళ్లాను.

అక్కడ బజారులో ఒక సాయిబు గారి కిరాణా అంగడిలో అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎర్ర పామాయిలా? అది ఎర్రగా యాడుంటాదమ్మా? ఎర్రగా ఉండాదంటే ఎవరో అందులో కారం వేసినట్టే. యాల నీకు?"

"ఆఫ్రికా వంట చేయాల."

"అచ్ఛా! పోనీ ఈ శనగనూనె తీసుకపో. యా దేశం వంటైనా దీంట్లో వేగుతుంది" అని ఒక డబ్బా అంటగట్టాడు. పుంగనూరులో మా వీధి చివర గానుగలో దొరికే నూనెను కుప్పం నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన ఘనత నాది. (ఆ రోజు సీటు దొరికింది. నూనె డబ్బాను చూసి కాబోలు.)

ఆదివారం లాగోస్ పాప మా ఇంటికొచ్చింది. వంటింటి కిటికీలో ఫోనుకు ఉప్పు జాడీ ఆనించి నిలబెట్టి వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. తలకు రంగుల గుడ్డ చుట్టుకుని, చర్చికి బయల్దేరబోతూ ఆగిన ఆ లాగోస్ అమ్మ, ఇంగ్లీషులో నాకేదో చెప్పి, గుప్పెడు గింజలు తీసి కెమెరా ముందు పెట్టింది. నా వెనక నుంచి మా అమ్మ తొంగి చూసింది.

"ఓసినీ! అలసందలు గదే అవి! దీనికోసరమా నువ్వు కుప్పం దాకా పోయొచ్చింది?"

నేను నూనె డబ్బాను కాలితో పక్కకు జరిపాను. సర్వజ్ఞులు ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పరు.

ఆమె చర్చికి వెళ్లొచ్చేలోపు మా అమ్మ ఇంట్లో ఉన్న అలసందలు నానబోసింది. ఆమె మళ్లీ ఫోనులోకి వచ్చాక ఆ వంటింట్లో నాకు గానీ లాగోస్ పాపకు గానీ పని లేకుండా పోయింది. ఒకామెకు తెలుగు రాదు, ఇంకొకామెకు ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ గొంతు తగ్గించలేదు. నానిన గింజల పొట్టు మొత్తం పిసికి తీసేయాలని ఆమె చేతులతో చూపిస్తే, "పొట్టులోనే గదమ్మా బలం ఉండేది!" అని మా అమ్మ. రుబ్బిన పిండిలో అలవాటు కొద్దీ మా అమ్మ అల్లం, కరివేపాకు వేయబోతే ఫోనులోంచి "నో! నో! నో!" అని ఒకటే కేక. ఉల్లిపాయ, మిరపకాయ, ఉప్పు, అంతేనట. మా అమ్మ కరివేపాకు పక్కన పెట్టింది గానీ ముఖం ముడుచుకుంది. పిండిని గరిటెతో బాగా గిలకొట్టాక, లాగోస్ అమ్మ ఒక గ్లాసు నీళ్లు తెచ్చి, అందులో పిండి ముద్ద వేస్తున్నట్టు చూపించి, అరచెయ్యి పైకి తేల్చింది. మా అమ్మ ముఖం విప్పారింది. "తేలాల్నా? ఆ, మేమూ మినప్పిండికి అట్లే సూస్తాం!" అని మా ఇంటి గ్లాసులో వేసింది. ముద్ద తేలింది. రెండు దేశాల్లోనూ చప్పట్లు.

వడల్లా తట్టకుండా గరిటెతో జారవిడిచి వేయించాం. పైన కరకరలాడుతూ, లోపల దూదిలా ఉన్నాయి. లాగోస్ పాప మొదటిది నోట్లో ఉండగానే రెండోది అందుకుంది. రెండోది కూడా తిన్నాక, కళ్లు తుడుచుకుంటూ, "కారం మేడమ్" అంది. కారం ఎక్కువేం కాలేదని నాకూ తెలుసు, మా అమ్మకూ తెలుసు.

సోమవారం ఫ్లెక్సీ సార్ మూత తీసి చూసి నివ్వెరపోయారు. "ఏందిమ్మా ఇది? అలసంద బోండాలు తెచ్చి పెట్టినావే! ఆఫ్రికా యాడ ఉండాది ఇందులో?"

"ఇదే సార్ వాళ్ల దేశంలో..."

"ఫోటోలో తెలియాల్నా వద్దా? రేపు పేపర్లో చూసి జనం నవ్వరా?" అంటూ ఆయన ప్యూన్ చేత ఒక సంచి తెప్పించారు. అందులో యాన్యువల్ డే నాటకానికి అద్దెకు తెచ్చి తిరిగివ్వని ఆకుల పావడా, పూసల దండలు, అట్టతో చేసిన ఈటె ఉన్నాయి. "ఆ పాపకు ఇవి ఏసి బోండాల పక్కన నిలబెట్టు."

లాగోస్‌లో ఆమె తండ్రి బ్యాంకు మేనేజరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ సంచి పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. నోరు తెరవలేదు, సంచి మాత్రం తెరిచాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో ఉన్న ఆ పిల్ల ఈటెను అటూ ఇటూ తిప్పి చూసి, నేరుగా ఫ్లెక్సీ సార్ దగ్గరికి నడిచి, ముఖ్య అతిథి ఎదుటే, హాస్టల్ వంటామె దగ్గర నేర్చుకున్న తెలుగులో, సంచీ ఈటే ఆయన చేతిలో పెట్టి, ఎంతో మర్యాదగా అంది.

"ఇది నాకు పట్టదు సార్. మీరే ఏసుకోండప్పా, బాగుంటాది."

హాలు మొత్తంలో ముందుగా ఎవరో పకపకా నవ్వారు. ఆ ఎవరో నేనే. నా వెనక అంతా నవ్వారు. నోటి నిండా అకరాతో ఉన్న ముఖ్య అతిథి గారు నవ్వబోయి పొలమారి, నీళ్ల కోసం చెయ్యి చాపారు. మరుసటి రోజు పేపర్లో వచ్చిన ఫోటోలో ఈటె పట్టుకుని నిలబడింది ఫ్లెక్సీ సారే.

ఆ ఏడాది చివర్లో నా కాంట్రాక్టు పొడిగించలేదు. 'క్రమశిక్షణ' అని కారణం చెప్పారు. నవ్వు అని చెప్పి ఉంటే నేనూ ఒప్పుకునేదాన్ని. ఇప్పుడు కుప్పంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. మా అమ్మకూ లాగోస్ అమ్మకూ మధ్య ఆదివారాల్లో ఇప్పటికీ ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారే అని అడిగితే, "వాళ్ల కొత్త కోడలు మాట ఇనదంట" అంటుంది మా అమ్మ. ఏ భాషలో తెలిసిందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.

పుంగనూరు మీదుగా వెళ్లే బస్సెక్కినప్పుడల్లా ఆ సోమవారం సాయంత్రం గుర్తొస్తుంది. ఉద్యోగం పోవడం ఖాయమని, బతుకు అక్కడితో అయిపోయిందని, కడ్డీ పట్టుకుని నిలబడి ముక్కు చీదుకుంటున్న ఒక ఇరవై మూడేళ్ల పిల్ల కనిపిస్తుంది. అంత దుఃఖంలోనూ రెండో చేత్తో సంచిలోని డబ్బాలోంచి ఒక్కొక్క అకరా తీసి తింటూనే ఉంది, ఊరొచ్చేసరికి డబ్బా ఖాళీ. ఏం కాదులేవే అని ఆ పిల్లకు చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఆ వయసులో ఆమెకు అన్నీ తెలుసు కదా.