తోపుడుబండిలో ఉరుముల దేవుడు

హాల్వర్ బాబాయి అడగకుండా ఏ పనీ చెయ్యడు. మనుషుల్ని అడిగితే మర్యాద అంటారు. ఈయన కాకుల్ని కూడా అడుగుతాడు. కారు ఆపేచోట కాకి ఉంటే అద్దం దించి, "ఇక్కడ పెట్టుకోమంటావా?" అంటాడు. అది ఎగిరిపోతే ఒప్పుకున్నట్టు. ఎగరలేదా, ఎక్కడో అవతలి వీధిలో కారు పెట్టి వానలో తడుస్తూ నడవాలి.

సిటీ బస్సు నడిపే రోజుల్లో స్టాపు స్టాపులోనూ వెనక్కి తిరిగి, "బయల్దేరదామా అండీ?" అనేవాడట. ఒకసారి చివరి సీట్లో ఒకాయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. ఆయన లేచి సరే అనేదాకా బస్సు కదల్లేదు. తీరా ఆయన దిగాల్సిన స్టాపు అదే. నలభై ఏళ్లుగా బాబాయి దీన్నే సాక్ష్యంగా చెబుతున్నాడు.

మాది చిన్న గుంపు. నార్వే నుంచి ఓడలెక్కి ఈ కెనడా తీరానికొచ్చినవాళ్ల మునిమనవలం. చర్చీలు రాకముందు మా పూర్వీకులు కొలిచిన దేవుళ్లని మళ్లీ కొలుస్తున్నాం. రక్తం, జాతి అంటూ మీసం మెలేసేవాడొకడు ఆ దేవుళ్ల పేరు చెప్పుకుని వచ్చినప్పుడు మాత్రం, బాబాయి ఎవర్నీ అడక్కుండా తలుపేశాడు.

పోయిన వసంతంలో, గాలికి కూలిన దేవదారు దుంగలో ఉరుముల దేవుడు తోర్‌ని చెక్కాం. నది సముద్రంలో కలిసేచోట పాతాలని అందరికీ ఉబలాటం. గునపాలు కూడా తెచ్చాం.

"ఎవర్నడిగారు?" అన్నాడు బాబాయి.

"ఖాళీ చోటే కదా బాబాయ్" అన్నాను.

"మా తాత కూడా ఇదే అన్నాడమ్మా. ఎవర్నీ అడక్కుండా వచ్చి కూర్చున్నాడు. ఆయన వంతు కూడా నేనే అడుగుతున్నా."

ఆ చోటు, ఓడలు రాకముందు నుంచీ, మేవిస్ అత్త వాళ్లది. ఆ మూలవాసుల ఊరికి ఆమె పెద్దదిక్కు. చేపలకి పొగపెట్టే కొట్టం ముందు కూర్చుని బాబాయి చెప్పిందంతా విన్నది.

"మా నేలలో ఇప్పటికే చాలామంది గుంజలు పాతారు నాయనా. ఇంకోటి వద్దు."

"పాతకుండా తెచ్చుకుంటే అత్తా?"

"తెచ్చుకో. మళ్లీ తీసుకుపో. నేల మీద మందు మాత్రం పొయ్యకు. మా కుర్రాళ్లు దాన్ని మానడానికి నానా తంటాలు పడుతున్నారు."

అప్పట్నించి మా తోర్ ఒంటిచక్రం తోపుడుబండిలో వస్తున్నాడు. పూజవేళకి అందులోనే నిలబెట్టి ఇద్దరు పట్టుకుంటారు. అయ్యాక పడుకోబెట్టి తోసుకుపోతాం. నైవేద్యం పోసే కొమ్ముపాత్రలో తేనె మద్యం పోయి బెర్రీ రసం వచ్చింది. రథమెక్కే దేవుడికి ఇదేం వాహనమని ఎవరో గొణిగితే, "ఆయన్ని అడిగాను. కుదుపులు బాగున్నాయన్నాడు" అన్నాడు బాబాయి.

వేసవిలో నాకు పాప పుట్టింది. మా ఆయన చేపల పడవ మీద సముద్రంలో ఉన్నాడు. నేను రసాయనశాస్త్రం చదివినదాన్ని. కొలవలేనిదాన్ని నమ్మను. తోర్ సంగతంటారా, ఉరుముల్ని కొలవొచ్చు. పాప ఊపిరినీ కొలవొచ్చు కాబట్టి, నిద్ర మానేసి అదే కొలుస్తూ కూర్చున్నాను. మా గుంపులో, పెద్దమనిషి ఒకరు నది నీళ్లు చల్లి పేరు పెట్టేదాకా పిల్లని పేరుతో పిలవరు. పేరు లేని పిల్ల చేజారిపోతుందేమోనని నా గుండెల్లో గుబులు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదు. అది తెలిసినా గుబులు తగ్గలేదు.

"పేరెప్పుడు పెడతావు బాబాయ్?"

"అత్తని అడిగాను, రమ్మంది. నదినీ అడిగాను. ఇక పాపని అడగాలి."

"పాపనా?"

"పేరు ఎవరిది మరి? అడిగేటప్పుడు తల్లి పక్కన ఉండకూడదు. నీ మొహం చూసి మొహమాటానికి ఒప్పేసుకుంటుంది. నువ్వెళ్లి ఆ గదిలో పడుకో."

రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. నేను పక్కగదిలో కళ్లు మూసి తెరిచేసరికి సాయంత్రం అయ్యేది.

"ఏమంది?"

"ఆలోచించుకుంటానంది."

మర్నాడు, "ఆవలించింది. అవునో కాదో తేలలేదు."

ఇంకోరోజు, "నా చొక్కా తడిపింది. ఇది కొంచెం నయం."

ఆకులు ఎర్రబడ్డాయి. సాల్మన్ చేపలు నదికి ఎదురెక్కాయి. నా పిల్లకి పేరు లేదు. ఆగలేక వెళ్లి మేవిస్ అత్త దగ్గర మొరపెట్టుకున్నాను.

"పాప ఒప్పుకోవట్లేదట అత్తా. పసిపిల్లని అడగడం ఎవరి ఆచారం? మీదా, మా దేవుళ్లదా?"

అత్త పొగలో చేపముక్క తిరగేస్తూ ఒళ్లంతా కదిలేలా నవ్వింది.

"ఎవరిదీ కాదే పిచ్చిదానా. 'తల్లి నిద్రలేక గోడలు పట్టుకుని నడుస్తోంది, ఏం చెయ్యను?' అని నన్నడిగాడు. పిల్లనెత్తుకుని తల్లిని పడుకోనివ్వమన్నా. 'సాయం చేస్తానంటే ఒప్పుకోదత్తా, శాస్త్రం చదివింది' అన్నాడు." నా మొహం ఎగాదిగా చూసింది. "ఇప్పుడు మనిషిలా ఉన్నావు. పిల్లని తీసుకురా."

పేరు రోజున అత్త తన కుర్చీ తెచ్చుకుని ముందు వరసలో కూర్చుంది. పక్కనే తోపుడుబండిలో తోర్. బాబాయి దోసిట్లో నది నీళ్లు పట్టి పాప మీదికి వంగాడు.

"చల్లమంటావా తల్లీ?"

పాప అటూ ఇటూ చూసింది. దోసిట్లో నీళ్లు సగం కారిపోయాయి. బాబాయి మాత్రం కదల్లేదు. అప్పుడు పాప తుమ్మింది.

"ఒప్పుకుంది. ఇక కానియ్యవయ్యా, నా చేపలు మాడిపోతాయి" అంది అత్త.

"సిగ్నీ" అని పిలిచాడు బాబాయి. సిగ్నీ అన్నాను నేను. నా పిల్ల కళ్లు తిప్పి నన్ను చూసింది.

మర్నాడు మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గుమ్మం అవతల బాబాయి.

"లోపలికి రమ్మంటావా?"

"పేరు పెట్టేశావుగా బాబాయ్, ఇంకేం అడుగుతావు దాన్ని?"

బాబాయి టోపీ తీసి కాసేపు దానిలోకి చూశాడు.

"నచ్చిందో లేదో అడగొద్దూ?"

నేను పిల్లని ఆయన చేతికిచ్చి, దిండు తీసుకుని పక్కగదిలోకి వెళ్లాను.