పోశం నిలబడ్డ రోజు

మందమర్రిలో మా పక్క క్వార్టరు పోశానిది. బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా మొద్దులు ఆనించే పని చేసేవాడు. ఒకనాడు ఆ పైకప్పే పెచ్చు ఊడి నెత్తిన పడింది. టోపీ ఉండబట్టి ప్రాణం దక్కింది కానీ, అప్పటి నుంచి తల తిరుగుడు పట్టుకుంది. ఇంట్లో నడవాలన్నా గోడ పట్టుకోవాలి. అంగడికి భార్య మల్లక్క చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. పెళ్లినాడు కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదని ఆమె నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు ఏడుపొచ్చేది.

బొగ్గు ఊళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి ఇక బాయి పని చేయలేడని మెడికల్ బోర్డు తేల్చి ‘అన్‌ఫిట్’ రాస్తే, అతని పిల్లల్లో ఒకరికి కొలువు దొరుకుతుంది. పోశం కొడుకు కుమార్ ఐటీఐ చదివి, మంచిర్యాలలో ఫోన్లు బాగుచేసే దుకాణంలో కూర్చుంటున్నాడు. పిల్లనిచ్చేవాళ్లు కొలువు వచ్చాక చూద్దామని లేచి వెళ్లిపోతున్నారు. అందుకే పోశానికి తల తిరిగితే ఆ ఇంట్లో బాధ ఎంతో, ఆశా అంతే. ఇది చెడ్డతనం అనేవాళ్లు మా కాలనీలో కొన్నాళ్లు కాపురం చేసి మాట్లాడాలి.

అప్పుడే కమ్యూనిటీ హాల్లో ఉమారాణి ధ్యానం నేర్పడం మొదలుపెట్టింది. ఆమె భర్త కూడా బాయి మనిషే. ఊరికే కూర్చునే పనే కదా అని మల్లక్కే పోశాన్ని పంపింది. మొదటిరోజు అందరూ కళ్లు మూసుకున్నారు. పోశం మూసినట్టే మూసి, ఉలిక్కిపడి రెండు చేతులతో నేల పట్టుకున్నాడు.

“కండ్లు మూస్తే బాయి కనబడ్తుందమ్మా. కప్పు మీదికొస్తుంది,” అన్నాడు.

“అయితే మూయకు మామా,” అంది ఉమారాణి. “నీ పాదం నేలకు ఎక్కడెక్కడ ఆనుతుంది? మడిమెనా, వేళ్లా? గదే చూసుకుంట ఉండు. శ్వాస దాని దారిన అది పోతది.”

పోశం ఆ పనిని ఎక్కడపడితే అక్కడ చేశాడు. నల్లా దగ్గర బిందె నిండేదాకా, గడ్డం గీసుకునేటప్పుడు, మల్లక్క తిడుతున్నంతసేపు. ఏం చేస్తున్నవ్ అంటే “నిలబడ్డ” అనేవాడు, లోకంలో ఇంకెవరికీ చేతకాని పనైనట్టు. తల తిరిగితే తిరగనిచ్చి, తన ధ్యాస మాత్రం పాదాల్లోనే ఉంచేవాడు. వానలు వెలిసేసరికి గోడ వదిలాడు. తర్వాత కళ్లు కూడా మూయగలిగాడు. మూసిన కళ్ల వెనక బాయి ఉంటే ఉండేది, కానీ పాదాల కింద క్వార్టరు గచ్చు ఉందని తెలిసేది. ఒకరోజు నిండు బిందె భుజాన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

మల్లక్క ముందు మురిసిపోయింది. బోర్డు నుంచి పిలుపు వచ్చాక ఆమె గుండెల్లో రాయి పడింది. క్లాసు వేళకు పోశం చెప్పులు మాయం కావడం మొదలైంది. అతను వట్టి కాళ్లతోనే పోయాడు.

ఎదురింటి లచ్చయ్య ఉండబట్టలేక అడిగేశాడు. “బోర్డు అయ్యేదాక జర ఓపిక పట్టరాదు? బాగుపడుడుకు గంత తొందరేమొచ్చె?”

బోర్డుకు బయల్దేరేటప్పుడు మల్లక్క మాత్రం మెల్లగా అంది. “నిలబడుమంటే జర తూలు. పోరని కోసం.” పోశం తలూపాడు.

తోడుగా నేనూ వెళ్లాను. పేరు పిలిచాక పోశం లోపలికి పోయాడు. కుమార్, నేను తలుపు తెర పక్కన నిలబడ్డాం. డాక్టరు చెప్పులు విడవమని, పాదాలు దగ్గర పెట్టి కళ్లు మూసుకోమన్నాడు. పోశం మూసుకున్నాడు. భుజం ఒకపక్కకి కొద్దిగా వంగింది. కుమార్ ఊపిరి బిగబట్టాడు. వంగిన భుజం నెమ్మదిగా సర్దుకుంది. పోశం అట్లాగే నిలబడ్డాడు. డాక్టరు చాలనేదాకా కదల్లేదు. ఫిట్ అని రాశారు.

బయటికొచ్చి కొడుకు మొహం చూడలేకపోయాడు.

“తూలుదామనే పోయిన బిడ్డా. పాదాలు బండకు ఆనినంక కాళ్లు నా మాట వినలే.”

కుమార్ చెట్టంత మనిషి, వరండాలో అందరి ముందూ ఏడ్చాడు. “తెర అవతల నిలబడి నువ్వు పడాలని మొక్కిన బాపూ. కన్న తండ్రి పడాలని మొక్కిన.”

“నేను గూడ గదే మొక్కినర,” అని పోశం వాడి తల దగ్గరికి తీసుకున్నాడు. నేను అవతలికి తిరిగాను.

ఇల్లు చేరేసరికి మల్లక్క గేటు దగ్గరే ఉంది. “ఏమన్నరు?” అంది. పోశం తల దించుకున్నాడు. కుమారే ముందుకు పోయి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“బాపు మంచిగైండవ్వా.”