పుట్టని రోజున అమ్మతో మైపాడుకి

మా అమ్మకి డెబ్బై నిండుతున్నాయని నాకు ఆమె ఆధార్ కార్డు చెప్పింది. హాలు మాట్లాడి నలుగురిని పిలవాలంటే డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్ జీతం చాలదు. రెండు వేలల్లో ఏం చెయ్యొచ్చా అని నెల రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఆమెనే అడిగాను. బియ్యం ఏరుతున్నది ఏరుతూనే, "సముద్రం చూపించు పాపా" అంది. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు కూడా లేని సముద్రం! నా ఖర్చు తగ్గించడానికే అలా అందో, నిజంగానే కావాలనుకుందో తేల్చుకోలేకపోయాను. అమ్మానాన్నల వేడుక తక్కువలో చేద్దామనుకునేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను గానీ, మేం వెళ్లింది ఏ వేడుకకో నాకింకా సరిగ్గా తెలియదు.

జూన్ నెల, ఎండ పొద్దున్నే మొదలవుతోంది. ఏడున్నరకి ఇందుకూరుపేట మీదుగా మైపాడు వెళ్లే బస్సెక్కాం. నా ఒళ్లో మూడొందల యాభై పెట్టి కొన్న అరకిలో కేకు పెట్టె. అమ్మ ఒళ్లో ఒక గుడ్డ సంచీ. ఉబ్బుగా ఉంటే, నేను పట్టుకుంటానన్నాను. "నీ కేకు నువ్వు చూసుకో" అని సంచీని అటు పక్కకి జరుపుకుంది. ఆడవాళ్లకి టికెట్టు ఉచితం కాబట్టి ఇద్దరం ఆధార్ కార్డులు తీశాం. కండక్టరు అమ్మ కార్డు చూసి ఆగిపోయాడు.

"పెద్దమ్మా! పుట్టినరోజు ఇయాళేగా? శుభాకాంక్షలు!"

"నీ నోరు చల్లగుండ నాయనా. కానీ నేను పుట్టింది ఇయాళ కాదులే."

"మరి ఇందులో ఉండాదే?"

"బళ్లో వేసిననాడు పంతులు రాసుకున్నాడు. మా వరసలో కూర్చున్న అయిదుగురికీ అదే తేదీ."

"టికెట్టుకి దాంతో పనిలేదులే" అని నవ్వుతూ అతను ముందుకి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఒళ్లోని కేకు పెట్టె వైపు చూశాను. పదిహేనేళ్లుగా ఏటా ఇదే తేదీన ఆమె చేత కేకు కోయిస్తున్నాను. ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "అంత సంతోషంగా తెస్తివి. ఎట్టా చెప్పేది?" అంది. మరి పుట్టింది ఎప్పుడు? తెలియదట. నాట్లప్పుడని వాళ్లమ్మ అనేదట, ఏ పంటకారు నాట్లో ఆవిడకే సందేహమట. ఇక ఈ ప్రయాణం దేనికి? దిగిపోదామా అని కూడా అనిపించింది. ఇందుకూరుపేట దాటాక అమ్మే మెల్లిగా అంది, "నాకూ ఒక రోజుంది పాపా. నేను సముద్రంలో మునిగిన రోజు. అది మాత్రం నాకు తెలిసి జరిగింది."

మాది చర్చికి వెళ్లే కుటుంబం. అమ్మ పద్దెనిమిదేళ్లప్పుడు బాప్తిస్మం తీసుకుందని తెలుసు. నిండా నీళ్లలో ముంచి లేపితేనే మా సంఘంలో బాప్తిస్మం. వాళ్ల ఊళ్లో ఎవరికైనా కాలవలోనే ఇచ్చేవారు కాబట్టి అమ్మదీ అక్కడే అయిందనుకున్నాను. కాదట. ఆ ఏడు ఎండలకి కాలవ ఎండిపోతే, పాస్టరు గారు నలుగురు ఆడపిల్లల్ని ఎడ్లబండి ఎక్కించి సముద్రానికి తీసుకొచ్చారట. తేదీ ఆమెకి గుర్తులేదు, మామిడికాయల కాలమని మాత్రం అంది. ఇక్కడే నాకు గుబులు మొదలైంది, ఎందుకంటే నేను బాప్తిస్మం తీసుకోలేదు. ఇరవై ఏళ్లప్పుడు, తిరుపతిలో చదువుకుంటూ సెలవులకి వచ్చినప్పుడు, బాప్తిస్మానికి చర్చిలో నా పేరు పిలిచారు. నమ్ముతున్నానో లేదో తెలియనప్పుడు నిలబడటం అబద్ధమవుతుందనిపించి లేవలేదు. ఆడవాళ్ల చాపమీద నాకు ముందు కూర్చున్న అమ్మ తల తిప్పి చూసింది. ఇంటికొచ్చి మామూలుగా అన్నం పెట్టింది. పాతికేళ్లయింది, ఈనాటి వరకూ ఆ మాట ఎత్తలేదు.

ఎనిమిది నలభైకి మైపాడులో దిగాం. ఇద్దరికీ ఇడ్లీ ఎనభై రూపాయలు. పక్క వీధిలో ముందే చెప్పినవాళ్లకి ఇంట్లోనే వండిపెట్టే బుజ్జమ్మక్క ఉంది. మనిషికి నూట ఎనభై. మధ్యాహ్నానికి మామిడికాయ వేసిన చేపల పులుసు చెప్పి, కేకు ఆమె ఫ్రిజ్‌లో పెట్టించాం. "ఎవరి పుట్టినరోజక్కా?" అని ఆమె అడిగితే అమ్మ వైపు చూశాను. "దానికే తెలీదు" అంది అమ్మ.

అమ్మ మునిగిన చోటు మైపాడు బీచి కాదు, ఉత్తరంగా ఉన్న ఒక చిన్న పాళెం దగ్గర. దాని పేరు రాయను. దుకాణాలు లేని తీరం, అలాగే ఉండనీ. ఆటో నడిపే మస్తానన్న అక్కడ ఆగి తిరిగి తీసుకొచ్చేలా మూడొందలకి ఒప్పుకున్నాడు. చేరేసరికి తొమ్మిదిన్నర. ఒడ్డున పడవలు, ఆరేసిన వలలు, మనిషి అలికిడి లేదు. ఇదే చోటా అని అడిగితే అమ్మ చాలాసేపు అటూ ఇటూ చూసింది. "ఏమో పాపా. అప్పుడు కళ్లు మూసుకునే ఉన్నా" అంది.

చెప్పులు విడిచి నీళ్లలోకి నడిచింది. నేను చెయ్యి పట్టుకుని మోకాళ్ల దాకా వెళ్లాను. వెనక నుంచి మస్తానన్న కేకేశాడు, "అక్కా, ఆడికి చాలు! లోపల గుంటలుంటాయి!" అమ్మ అక్కడే చతికిలబడింది. వచ్చిన అల ఆమె భుజాలు ముంచి, తలమీదుగా పోయింది. ముక్కులోంచి నీళ్లు చీదుతూ, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. నేను నిలబడే ఉన్నాను. ఇప్పుడు అడుగుతుందని నాకు గట్టిగా అనిపించింది. ఆమె రోజు ఇది. ఈ రోజున నువ్వూ నమ్ముకోవా అని ఒక్క మాట అడిగితే ఏం చెప్పను? కాదంటే ఆ మాట ఇంకో పాతికేళ్లు మా ఇద్దరి మధ్యా ఉంటుంది. ఆమె కోసం అవునంటే, ఆ రోజు లేవకుండా కూర్చున్నదానికి అర్థమేముంది? రెండో అల కూడా వచ్చి పోయింది. అమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది.

"లేపు పాపా. నడుం పట్టేసింది" అంది.

నేను లేపాను. అడగనందుకు ఊపిరి పీల్చుకున్నాను, అడగనందుకే కళ్లు మండాయి. ఉప్పునీళ్లనుకున్నాను.

మస్తానన్న సీటుమీద పట్టా పరిచాడు. "తడిస్తే నేనూరుకుంటా పెద్దమ్మా, ఉప్పు పడితే నా రెగ్జిను ఊరుకోదు" అన్నాడు. బుజ్జమ్మక్క ఇంటి వెనక గదిలో అమ్మ ఆ గుడ్డ సంచీ విప్పింది. పైన తువ్వాలు, కింద ఆమె నేత చీర, లోపలి బట్టలు. అవి తీశాక అడుగున నా నీలం చుడీదారు, ఇస్త్రీ చేసి మడిచినది. దాంతోపాటు ఇంకో తువ్వాలు. నేను తడిసింది మోకాళ్ల దాకానే.

"నాదెందుకు తెచ్చావమ్మా?"

"తడిస్తే కావద్దా?" అంది, జుట్టు తుడుచుకుంటూ. నా వైపు చూడలేదు.

అన్నం దగ్గర పులుసు బాగుందంటూ రెండోసారి వేయించుకుంది. కేకు కోయమంటే కత్తి బుజ్జమ్మక్క చేతికిచ్చింది. "పుట్టినరోజు ఎవరిదో తేలలేదు గదా, నువ్వే కొయ్ తల్లీ." "అయితే నాదే అనుకుంటాలే, నాకూ ఎవురూ కోయించలా" అని ఆమె కోసి, మొదటి ముక్క అమ్మ నోట్లో పెట్టింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను చూసి చాలాకాలమైంది. మూడు గంటల బస్సుకి తిరిగొచ్చాం. దారంతా ఆమె నా భుజంమీద నిద్రపోయింది.

ఆ చుడీదారు గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. బయలుదేరేముందే ఆశపడి పెట్టిందా? అలలో పడితే జలుబు చేస్తుందని ఏ తల్లయినా పెట్టేదే పెట్టిందా? అడగొచ్చు. పక్క గదిలోనే ఉంది. కానీ పాతికేళ్లుగా ఆమె నన్ను అడగకుండా ఆగింది. నేను కొన్నాళ్లు ఆగలేనా అనిపిస్తోంది. ఆ చుడీదారు ఉతకాల్సిన పని లేకపోయినా ఉతికి ఆరేశాను. వచ్చే మామిడికాయల కాలానికి మళ్లీ సముద్రం చూపిస్తానని మాత్రం చెప్పాను. సంచీ ఎవరు సర్దాలో చెప్పలేదు.

వెళ్లేవాళ్లకి ఒక్క సూచన. మైపాడు వైపు బట్టలు మార్చుకునే చోటు వెతుక్కోవాల్సి వస్తుంది. భోజనం చెప్పిన ఇంట్లోనే ముందుగా అడిగి పెట్టుకోండి. తడవనని గట్టిగా చెప్పినవాళ్లకి కూడా ఒక జత బట్టలు పెట్టండి.