నాయన చేతికి నేను కట్టిన కట్టు

మా నాయన విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. పెద్దారవీడు చుట్టుపక్కల ఎవరి కాలు విరిగినా, చెయ్యి విరిగినా బండి మా వాకిట్లోనే ఆగేది. కళ్ళు మూసుకుని కుడి చేతి వేళ్ళతో వాపు మీద తడిమి, లోపల ఎముక ఎక్కడ విరిగిందో, ఏ పక్కకు జరిగిందో చెప్పేవాడు. ఆయన షరతు ఒక్కటే. మూడో రోజు దాకా కట్టు విప్పకూడదు, విప్పినా ఆయనే విప్పాలి. నొప్పికి తాళలేక ముందే వదులు చేసుకుని వచ్చినవాళ్ళను నిలబెట్టి తిట్టేవాడు. అమ్మ పోయాక ఆయనకు వెదురు బద్దలు అందించేదాన్ని, పేలికలు చుట్టేదాన్ని నేనే. పెళ్ళయినా అదే ఊళ్ళో కాపురం కాబట్టి ఆ పని నన్ను వదల్లేదు.

తెల్లదొరల ప్రభుత్వం ఇంకా నడుస్తున్న రోజులు. ఒక ఎండాకాలం ఎద్దులతో బావి నీళ్ళు తోడే కపిల తోలుతుండగా, తను కూర్చున్న మోకు తెగి నాయన బండరాతి మీద పడ్డాడు. కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరిగాయి. ఎడమ చేత్తో తడిమి చూసుకుని, ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కినాయని ఆయనే చెప్పాడు. మా ఆయన ఆ మణికట్టు పట్టి లాగుతుంటే, నేను గుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టు వేసి, బద్దలు పెట్టి చుట్టాను.

"బిగించు" అన్నాడు నాయన. బిగించాను. "ఇంకా" అన్నాడు. ఏడుపు ఆపుకుని ఇంకా బిగించాను.

మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆయన గోళ్ళు నీలంగా మారాయి. వేళ్ళు ఉబ్బాయి. కొంచెం వదులు చేస్తానన్నాను.

"మూడో దినం దాకా ముట్టుకోవాకు. ఊరందరికీ చెప్పి నేనే విప్పుకుంటే ఏం మర్యాద?"

అలా వదిలెయ్యడం తప్పని నాకు తెలుసు. ఆయన కునుకు తీసినప్పుడైనా ఒక ముడి విప్పి ఉండాల్సింది. తిట్లకు భయపడి ఆయన చెయ్యి పోగొట్టాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

మూడో రోజు విప్పితే వేళ్ళు ముడుచుకుపోయి ఉన్నాయి. గిల్లినా ఆయనకు తెలియలేదు. ఎముక ఇంకా జరిగే ఉంది. స్టేషన్ దాకా బండిలో, అక్కణ్ణుంచి రైల్లో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరు చెయ్యి కోసేస్తాడనుకున్నాం. కోయలేదు. వాపు తగ్గేదాకా పడుకోబెట్టి, ఆ తర్వాత మత్తు ఇచ్చి, ఎముకలు సరిచేసి, చర్మానికి చిన్న బెజ్జాలు చేసి, గోనెలు కుట్టే దబ్బనాల్లాంటి ఉక్కు పిన్నులు లోపలికి దింపాడు. తర్వాత ఎక్సురే బొమ్మను కిటికీ వెలుతురులో పట్టి చూపించాడు. ఇన్నేళ్ళూ పైనుంచి తడిమిన ఎముకను నాయన మొదటిసారి కళ్ళతో చూశాడు. ముక్కలు ఎక్కడా మెట్టు లేకుండా కలిసి ఉన్నాయి. ఇది తన వల్ల అయ్యే పని కాదని మెల్లగా ఒప్పుకున్నాడు.

ఎముక అతుక్కుంటుందన్నాడు డాక్టరు. కానీ కట్టు బిగుతుకు నెత్తురు అందక లోపలి కండ, నరం చచ్చిపోయాయట. వేళ్ళు ఇక పనికి రావట. ఆ కట్టు కట్టిందెవరని కోపంగా అడిగాడు. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

"నేనే కట్టుకున్నా సార్" అన్నాడు నాయన.

కుడి చేతికి ఎడమ చేత్తో ఆ ముడులు ఎవరూ వేసుకోలేరు. డాక్టరుకూ తెలిసే ఉంటుంది. పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

పిన్నులు తీశాక ముంజేయి చక్కగా, తిన్నగా నిలిచింది. వేళ్ళు మాత్రం అరచేతిలోకి ముడుచుకునే ఉండిపోయాయి. ఎడమ చేత్తో అన్నం తినడానికి సిగ్గుపడి నాయన గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

ఆ ఏడు కోతలప్పుడు కొనకనమిట్ల నుంచి ఒకామె మణికట్టు విరిగి వచ్చింది. నాయన అలవాటుగా కళ్ళు మూసుకుని, ముడుచుకున్న వేళ్ళనే ఆమె వాపు మీద పెట్టాడు. వాటిని అటూ ఇటూ జరిపి చూశాడు. చివరికి కళ్ళు తెరిచి నావైపు చూశాడు.

"అమ్మీ, నువ్వు చూడు. నాకు తెలియడం లే."

నేను చేతులు కొంగు కింద దాచుకున్నాను. ఆసుపత్రికి పొమ్మని ఆమెకు చెప్పాను. నాయన చూపు దించుకున్నాడు. ఆమె బండి కదిలి వెళ్ళాక అన్నాడు:

"బిగించమన్నది నేను, విప్పొద్దన్నది నేను. నువ్వు బాగనే కట్టినావు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిడితే ఏడ్చేదాన్ని, ఏడిస్తే మళ్ళీ ఎవరి చెయ్యైనా పట్టుకునేదాన్నేమో. ఆ తర్వాత నేనెవరికీ కట్టు కట్టలేదు.