భోజనాలు తయారని చెప్పాను

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఒక ఆడమనిషి మాట్లాడడానికి లేచి నిలబడితే, మైకు నా చేతిలో ఉంది కాబట్టి, భోజనాలు తయారుగా ఉన్నాయని ప్రకటించాను.

పార్టీ మీటింగులకు వెళ్లినవాళ్లకు ఆ ప్రకటన బలం తెలుసు. పొద్దుటి నుంచి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉపన్యాసాలు విన్నవాళ్ల చెవిన భోజనం అనే మాట పడ్డాక మంత్రి వచ్చి ఆగమన్నా ఆగరు. ఎల్‌బీ నగర్‌లోని ఆ ఫంక్షన్ హాలు చూస్తుండగానే ఖాళీ అయింది. ఆమె మాత్రం కొంగు సర్దుకుంటూ మహిళల వరసలో కాసేపు నిలబడి, తర్వాత చెప్పులు వెతుక్కుంది.

మా ప్రాంతంలో పార్టీ మీటింగుల మైకు చాలా ఏళ్లుగా నాదే. మాది ఇక్కడి పాత ఊరి కుటుంబం. మా పొలాలు కాలనీలయ్యాయి, కాలనీలు నాకు కిరాయిలు తెచ్చిపెట్టాయి. పదవులు మాత్రం రాలేదు. డివిజన్ కార్యదర్శినని చెప్పుకుంటాను గానీ నా అసలు పదవి మైకే. వేదిక మీదకు ఎవరిని ముందు పిలవాలి, ఎవరిని ఇంటిపేరుతో సహా పిలవాలి, ఎవరికి శాలువా, ఎవరికి ఉత్త దండం అన్నది నేను నిర్ణయించేవాణ్ణి. అదే అధికారం అనుకుని బతికాను.

మన్సూరాబాద్‌లో మొబైల్ రీఛార్జి దుకాణం పెట్టుకున్న ఒకతన్ని పార్టీలోకి తెచ్చింది నేనే. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చాడు. మొదట్లో మీటింగు అయ్యాక కుర్చీలు పేర్చేవాడు. ఊరి పెద్దను పిలిచినట్టు నన్ను పటేలా అని పిలిచేవాడు. ఈమధ్య అతన్ని డివిజన్ అధ్యక్షుణ్ణి చేశారు. అప్పటి నుంచి అన్నా అంటున్నాడు. అందులో అమర్యాద ఏమీ లేదు, మా దగ్గర అందరూ అందర్నీ అన్నా అనే అంటారు. అయినా ఆ పిలుపు వినపడ్డ ప్రతిసారీ నా లోపల ఏదో గీరుకుపోయేది. ఫ్లెక్సీల మీద అతని ముఖం నా ముఖం కంటే పెద్దదైంది. చావు ఇళ్లకు వెళితే జనం నా భుజం మీదుగా చూసి అధ్యక్షుడు రాలేదా అని అడిగేవాళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టలు కొనడానికి వెళ్లినా అతను ఏ దుకాణంలో చొక్కాలు కొంటాడో కనుక్కుని పక్క దుకాణానికి వెళ్లేవాణ్ణి. ఈ వయసులో ఇది రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ మీటింగు ఎందుకు జరిగిందో చెప్పాలి. మా ప్రభుత్వమే ప్రైవేటు ఆసుపత్రుల మీద ఒక బిల్లు తయారు చేసింది. అందులో ఒక నిబంధన ఉంది. ప్రమాదంలో దెబ్బతిన్న మనిషిని ఏ ఆసుపత్రి అయినా ముందు చేర్చుకుని వైద్యం మొదలుపెట్టాలి, డబ్బు మాట తర్వాత ఎత్తాలి. దాని దగ్గరే పార్టీ రెండు ముక్కలైంది. మా ఎమ్మెల్యే వర్గం అది తీసేయాలంది, ఉంచితే చిన్న నర్సింగ్ హోములు మూతపడతాయని. ఆ నర్సింగ్ హోముల వాళ్లు ఎన్నికల్లో ఎవరి వెంట తిరిగారో నాకు తెలుసు, వాళ్లను వేదికల మీదకు పిలిచింది నేనే కదా. రెండో వర్గం, ఈ మాట చెప్పే ఓట్లడిగాం, ఇప్పుడు తీసేస్తే గల్లీల్లో ఎట్లా తిరుగుతాం అంది. అసెంబ్లీలో సొంత సభ్యులే అడ్డం తిరిగేట్టున్నారని పైవాళ్లు భయపడి, ప్రతి నియోజకవర్గంలో కార్యకర్తలు ఏమంటున్నారో విని రాయమని ఒక పరిశీలకుణ్ణి పంపారు. పొద్దున మా దగ్గర, సాయంత్రం పక్క నియోజకవర్గం వాళ్లకు దిల్‌సుఖ్‌నగర్‌లో.

మా అధ్యక్షుడు ఆ నిబంధన ఉండాలనేవాడు. తాను చెప్పే కంటే బాధపడ్డవాళ్లే చెప్పాలని అతను మాట్లాడించాలనుకున్న మనిషే ఆమె. మన్సూరాబాద్‌లో జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతుంది. ఆమె భర్త డీసీఎం వ్యాను డ్రైవరు. హయత్‌నగర్ దాటాక హైవే మీద లారీ తగిలింది. తీసుకెళ్లిన చోటల్లా ముందు కౌంటర్లో డబ్బు కట్టి రమ్మన్నారు. అలా తిరిగి తిరిగి సర్కారు దవాఖానకు చేరేసరికి కాలు దక్కలేదు. ఆ సాయంత్రం వాళ్లవాళ్లు నాకూ ఫోన్ చేశారు, అతనికీ చేశారు. నేను ఎమ్మెల్యే పీఏకు ఫోన్ చేసి, చెప్పాను కదా చూసుకుంటారు అనుకున్నాను. అతను దుకాణం షట్టరు దించి, దెబ్బతిన్న మనిషిని తీసుకెళ్తున్న ఆటో ఎక్కి, ఆయన తల ఒళ్లో పెట్టుకుని అన్ని ఆసుపత్రులూ తిరిగాడు. ఆ తర్వాత మన్సూరాబాద్‌లో ఎవరి నోట విన్నా ఈ సంగతే. పిలవని చోట కూడా వినాల్సి వచ్చింది.

మీటింగుకు ముందు ఎమ్మెల్యే మనిషి ఒకడు నా పక్కకు వచ్చి, ఎక్కువమందితో మాట్లాడించకు, టైం చూసుకో అన్నాడు. వచ్చే ఎన్నికల్లో కార్పొరేటర్ టికెట్ సంగతి కూడా గుర్తు చేశాడు. టికెట్ ఆశతో ఆ పని చేశానని చెప్పుకుంటే కాస్త గౌరవంగా ఉండేది. కానీ అది నిజం కాదు. ఆమె లేచినప్పుడు నా తలలో టికెట్ లేదు. ఆమె ఆటో సంగతి చెబుతుంది, హాలంతా కళ్లు తుడుచుకుంటుంది, పరిశీలకుడు ఆ తమ్ముడు ఎవరమ్మా అని అడుగుతాడు, అప్పుడు అతన్ని వేదిక మీదకు నా నోటితో నేనే పిలవాలి. అదంతా జరిగిపోయినట్టే కనపడింది. నా నోరు భోజనాలని చెప్పింది. బగారన్నం, చికెన్, ఆడవాళ్లకు ఎడమ పక్క అని కూడా వివరంగా చెప్పింది.

అంతటితో ఆగినా బాగుండేది. పరిశీలకుడికి నేనే వడ్డించాను. ఆయన అన్నం కలుపుకుంటూ, ఆఖర్న ఒకావిడ లేచి నిలబడింది, ఏమైనా చెప్పాలనుకుందా అని అడిగాడు.

"ఏం లేదు సార్. భోజనాలు ఎటు పక్కనో అడుగుదామని లేచింది."

ఆయన తలూపాడు. ఎల్‌బీ నగర్‌లో నిబంధన తీసేయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదని రాసుకోవడం నా కళ్లతో చూశాను.

మా అధ్యక్షుడు చేతులు కడుక్కునే చోట నన్ను కలిశాడు. తిట్టడానికి వస్తున్నాడనుకుని గట్టిగా నిలబడ్డాను. అతను నా చెయ్యి పట్టుకుని, మెల్లగా, ఎవరూ వినకుండా అన్నాడు.

"నువ్వేం జేస్తవే అన్నా. పైనుంచి చెప్పుంటరు. నువ్వు పరేషాన్ గాకు."

తిట్టి ఉంటే ఆ కోపంతో ఇంకా కొన్నేళ్లు బతికేవాణ్ణి. అతని మంచితనం మీద కూడా నాకు అసూయే పుట్టింది. నా కంటే మంచివాడు కావడానికి కూడా వీడికే అవకాశం వచ్చిందే అనిపించింది. ఆ ఆలోచన ఎంత నీచమైనదో నాకే వినపడింది. నేను భోజనం చేయకుండా బయటికి వచ్చి బండి తీశాను.

ఆమె దుకాణం తెరిచే ఉంది. మీటింగు కోసం కట్టుకున్న ఇస్త్రీ చీరతోనే మిషను ముందు కూర్చుంది. లోపలి గదిలో మంచం మీద భర్త, తలుపు సగం వేసి ఉంది. కూర్చోమనలేదు. నేను నిలబడే క్షమించమన్నాను. ఆమె మిషను ఆపకుండానే చెప్పింది.

"మీరే పిలిచిన్రు, మీరే లేపి అన్నానికి పంపిన్రు. నేను అన్నం కోసమొచ్చిననుకున్నరా?"

పరిశీలకుడికి నేను చెప్పిన అబద్ధం ఆమెకు తెలియదు. తెలియకుండానే సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది. ఇక దాచలేక అదీ చెప్పాను. మిషను ఆగింది. లోపలి గదిలోంచి భర్త, ఎవరే అన్నాడు. ఎవరో మైకు సారట అంది ఆమె.

సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో అదే పెద్దమనిషి కూర్చుంటాడని, నాతో వస్తే మాట్లాడిస్తానని చెప్పాను. ఆమె నమ్మలేదు.

"ఆడ గుడ మైకు మీదేనా?"

కాదన్నాను. అక్కడ నన్నెవరూ ఖాతరు చేయరని కూడా చెప్పాను. నా నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క నిజమే ఆమెను కదిలించిందేమో. భర్తకు మంచినీళ్లు అందేట్టు పెట్టి, పక్కింటామెకు చెప్పి బయల్దేరింది. నా బండి ఎక్కనంది. ఆటోలో ఎల్‌బీ నగర్ దాకా వచ్చి మెట్రో ఎక్కాం. ఆమె మహిళల వైపుకు వెళ్లి నిలబడింది. దారిలో మా అధ్యక్షుడికి ఫోన్ చేసి రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్ హాల్లో మైకు పట్టుకున్నవాడు నాకు తెలిసినవాడే. మా ఇద్దరి పనీ ఒకటే. మీ కాడ అయిపోయింది గదా, మళ్లీ ఈడికేంది అన్నాడు. బతిమాలాను. జిల్లా కమిటీలో పేరుకు నేనూ ఒక సభ్యుణ్ణి కాబట్టి ఆ హోదాలో ఒక నిమిషం ఇస్తానన్నాడు. అది కూడా చివర్లో. ఎన్నో మీటింగుల్లో ఇలా చివర్లో అని ఎంతమందికి చెప్పానో, ఆ చివర ఎప్పటికీ రాకుండా ఎలా చూశానో గుర్తొచ్చింది. అతను మాట తప్పలేదు.

మైకు దగ్గరికి వెళ్లాను. పరిశీలకుణ్ణి చూస్తూ, మా ఎమ్మెల్యే మనిషి అక్కడికీ వచ్చి ఫోనుతో వీడియో తీస్తున్నాడని తెలిసి కూడా చెప్పాను.

"సార్, పొద్దున లేచినామె భోజనాలడగనీకి లేవలేదు. మీకు అబద్ధం చెప్పిన. మాట్లాడనీకి లేచింది. నేనే మాట్లాడనియ్యలే. గీమెనే."

హాల్లో ఎవరో నవ్వారు, ఎవరో ఛీ అన్నారు. నేను పక్కకు జరిగాను. ఆమె భయపడలేదు. ఏ ఆసుపత్రి పేరూ ఎత్తకుండా, స్ట్రెచర్ బయటికి తేవడానికి ముందు రసీదు అడిగిన సంగతి, ఆటోలో సీటంతా తడిసిన సంగతి మామూలుగా, కొలతలు చెప్పినట్టు చెప్పింది. ఆటోలో వచ్చిన తమ్ముడు లేకపోతే కాలు కాదు, మనిషే దక్కేవాడు కాదంది. తలుపు దగ్గర అప్పుడే వచ్చి నిలబడ్డ అతని వైపు చెయ్యి చూపింది. హాలంతా అటు తిరిగింది. చప్పట్లు కొట్టారు. నా పేరు ఆమె ఎత్తలేదు. పొద్దున నేను ఏది జరగకూడదనుకున్నానో అచ్చం అదే జరిగింది, నేనే ఆమెను తీసుకొచ్చి జరిపించాను. అయినా ఆ చప్పట్లు నా చెంపలకు తగిలినట్టే ఉన్నాయి. పశ్చాత్తాపం వస్తే అసూయ పోతుందనుకుంటారు. పోలేదు. రెండూ పక్కపక్కనే నిలబడ్డాయి.

పరిశీలకుడు ఆమె చెప్పింది రాసుకున్నాడు. తర్వాత నన్ను పిలిచి, ఈమె మాట ఈ నియోజకవర్గం కింద రాయడం కుదరదు, ఎల్‌బీ నగర్ అభిప్రాయం ఇప్పటికే పైకి వెళ్లింది, అది మారాలంటే మీ కార్యకర్తలు మళ్లీ కూర్చుని చెప్పాలి, ఆదివారం దాకా ఊళ్లోనే ఉంటాను అన్నాడు.

మెట్ల కింద మా అధ్యక్షుడికి మొత్తం చెప్పాను. పైనుంచి ఎవరో చెప్పినందుకు కాదని, అతనంటే కుళ్లుకుని చేశానని చెప్పాను. అతను జేబులోంచి బండి తాళం తీశాడు. క్షమించానని అనలేదు. అనకపోవడమే న్యాయం. ఆమెను తన బండి మీద ఎక్కించుకుంటూ, రేపు పొద్దున ఎన్నింటికి మొదలుపెడదాం అని మాత్రం అడిగాడు.

అప్పటికే నన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. మైకు ఇంకెవరికో ఇచ్చారని మర్నాడు తెలిసింది. ఆ వారమంతా మేమిద్దరం గల్లీ గల్లీ తిరిగాం. అతను బండి నడిపేవాడు, నేను దిగి ప్రతి కార్యకర్త ఇంటి తలుపు తట్టేవాణ్ణి. మిమ్మల్ని మధ్యలో లేపింది నా కుళ్లుబోతుతనమని, మళ్లీ ఒకసారి వచ్చి కూర్చోవాలని అడిగేవాణ్ణి. ఈసారి బగారనా బిర్యానా అని కొందరు ఎగతాళి చేశారు. ఏమీ ఉండదు, చాయ్ మాత్రమే అన్నాను. చాలామంది నా మాట పూర్తి కాకముందే నన్ను దాటి బండి వైపు చూశారు. అధ్యక్షుడు అడుగుతున్నాడా, అయితే ఒస్తం అన్నారు.

అవును, ఆయనే అడుగుతున్నాడని చెప్పి, పక్కింటి తలుపు తట్టాను.